రక్తంలో విటమిన్ లెక్క

పెద్దవాళ్లలో విటమిన్ లోపాన్ని రక్తపరీక్షతో తేల్చడం నూరేళ్లు కూడా నిండని విద్య. అంతకుముందు ఈ జబ్బులన్నీ వైద్యుడి కంటికి ఆనినంత మేరకే. చిగుళ్లు ఉబ్బి రక్తం కారితే స్కర్వీ. కాళ్లు నీరుపట్టి, తిమ్మిరెక్కి, నాలుగడుగులు వేస్తే గుండెదడ వస్తే బెరిబెరి. పొద్దుగూకగానే చూపు ఆనకపోతే రేచీకటి. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పెచ్చులు లేస్తే పెల్లాగ్రా. మద్రాసు ప్రెసిడెన్సీలోని ఉత్తర సర్కారుల్లో, అంటే నేటి కోస్తాంధ్రలోనూ దాని పైనున్న గంజాంలోనూ, సిపాయిలను బెరిబెరి బాగా పీడించేది. జాన్ గ్రాంట్ మాల్కంసన్ అనే సైనిక వైద్యుడు 1835లో మద్రాసు నుంచి ఆ జబ్బు చరిత్ర మీద, చికిత్స మీద ఏకంగా ఒక పుస్తకమే ప్రచురించారు. అందులో లక్షణాల వర్ణన ఉంది. కారణం ఎవరికీ తెలియని రోజులవి.

1890లలో జావాలో పనిచేసిన డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్, తెల్లగా మరపట్టిన బియ్యం తిన్న కోళ్లకు బెరిబెరిలాంటి జబ్బు వస్తుందనీ, తవుడు పెడితే తగ్గుతుందనీ గమనించారు. 1912లో కాజిమీర్ ఫంక్ తిండిలోని ఇలాంటి రక్షక పదార్థాలకు విటమిన్లని పేరుపెట్టారు. పేరైతే వచ్చింది గానీ, మనిషి ఒంట్లో అవి ఎంత ఉన్నాయో కొలిచే దారి చాలాకాలం దొరకలేదు. అనుమానం కలిగితే తవుడో, నిమ్మరసమో, చేపనూనో ఇచ్చి చూసేవారు. తగ్గితే అదే జబ్బు అనుకునేవారు. చికిత్సే పరీక్ష. ఇందులో పెద్ద చిక్కు ఏమిటంటే, చాలా లక్షణాలు ఒక్క విటమిన్‌కే సొంతం కావు. నాలుక ఎర్రగా పూసి మండుతోందంటే బి2 తక్కువై ఉండవచ్చు, నియాసిన్ కావచ్చు, ఫోలిక్ ఆమ్లం కావచ్చు, బి12 కావచ్చు, చివరికి ఇనుము కూడా కావచ్చు. పైగా లక్షణం పైకి తేలేసరికి లోపం లోపల నెలల తరబడి ముదిరి ఉంటుంది.

తొలి కొలతలు రంగుల మీద ఆధారపడ్డాయి. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలోని భాస్వరాన్ని నీలిరంగు చిక్కదనం ద్వారా లెక్కించే పద్ధతిని రూపొందించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అది విటమిన్ పరీక్ష కాదు. అయినా విటమిన్ డి కొరవడి ఎముకలు మెత్తబడిన రోగుల రక్తంలో భాస్వరం ఎంత పడిపోయిందో చూడటానికి ప్రపంచమంతటా ప్రయోగశాలలు దశాబ్దాలపాటు ఆ పద్ధతినే వాడాయి. విటమిన్ డిని నేరుగా కొలవలేని కాలంలో దాని లోటు మిగిల్చిన జాడను కొలవడమన్నమాట. మరుసటి ఏడు, 1926లో, కార్, ప్రైస్ అనే ఇద్దరు ఇంగ్లండు రసాయనవేత్తలు విటమిన్ ఏ ఉన్న ద్రావణానికి ఆంటిమొనీ ట్రైక్లోరైడ్ కలిపితే ముదురు నీలం వస్తుందని చూపారు. ఆ నీలం కొన్ని సెకన్లలో వెలిసిపోతుంది. గాజుగొట్టంలో తడి ఉంటే అసలే తేలిపోతుంది. రంగు చూసి అంకె వేయాలంటే చేయి, కన్ను రెండూ చురుగ్గా ఉండాలి.

విటమిన్ సి పరీక్ష దీనికి తిరగబడ్డ రకం. అక్కడ రంగు పుట్టదు, పోతుంది. ఇండోఫినాల్ అనే నీలి అద్దకం ఆమ్లంలో గులాబీ రంగుకు మారుతుంది. విటమిన్ సి తగలగానే ఆ రంగు విరిగిపోతుంది. ఎంత రంగును విరిచిందో చూస్తే విటమిన్ ఎంత ఉందో తెలుస్తుంది. 1930ల నడుమకల్లా ఈ పద్ధతి రక్తానికి పనికొచ్చింది. అయితే గొట్టంలోకి తీసిన రక్తంలో విటమిన్ సి ఎంతోసేపు నిలవదు, గాలి తగిలితే చెడిపోతుంది. అందుకని రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాను వెంటనే వేరుచేసి మెటాఫాస్ఫారిక్ ఆమ్లం కలిపేవారు. ఆలస్యమైతే పళ్లు బాగా తినే మనిషి రక్తం కూడా ఏమీ లేనట్టే చూపుతుంది.

ఇక్కడే ఈ చరిత్రను చివరిదాకా నడిపించిన ప్రశ్న మొదటిసారి నిలదీసింది. రక్తంలో తగ్గిందంటే ఒంట్లో కొరత వచ్చినట్టేనా? బోస్టన్‌లో జాన్ క్రాండన్ అనే యువ శస్త్రవైద్యుడు 1939లో దీన్ని తన ఒంటి మీదే తేల్చడానికి పూనుకున్నారు. ఆపరేషన్ గాయాలు మానకపోవడానికి విటమిన్ సి కొరత ఎంతవరకు కారణమన్నది ఆయన సందేహం. పళ్లు, కూరగాయలు, పాలు పూర్తిగా మానేసి ఆరు నెలలు గడిపారు. మిగతా విటమిన్లు మాత్రల రూపంలో తీసుకున్నారు. 41 రోజులకే ప్లాస్మాలో విటమిన్ సి సున్నాకు చేరింది. అప్పటికి ఆయనకు ఏ జబ్బూ లేదు. మూడు నెలలకు వీపు మీద చిన్న కోత పెడితే అది మామూలుగానే మానింది. తెల్ల రక్తకణాల్లోని విటమిన్ మాత్రం చాలా మెల్లగా తరిగి, ప్లాస్మా ఖాళీ అయిన ఎన్నో వారాల తర్వాతే అడుగంటింది. చర్మం మీద వెంట్రుకల మొదళ్లు గరుకెక్కడం 134వ రోజు ప్రాంతంలో మొదలైంది. 161 రోజులకు కాళ్ల మీద సన్నని రక్తపు చుక్కలు తేలాయి. ఆరు నెలలకు పెట్టిన రెండో కోత మానలేదు. విటమిన్ సి ఇంజెక్షన్లు పడ్డాక మానింది.

1940లో అచ్చయిన ఈ ప్రయోగం ఫలితం స్పష్టం. ప్లాస్మాలోని విటమిన్ దారిలో నడుస్తున్న బండి మీది ధాన్యంలాంటిది, అసలు నిల్వ ఉండే గాదె వేరు. తెల్లకణాల లెక్క ఆ గాదెకు దగ్గర. మూడు నెలలప్పుడు క్రాండన్ రక్తాన్ని ఎవరైనా పరీక్షించి ఉంటే స్కర్వీ అని రాసిచ్చేవారు, అదీ స్కర్వీ లేని మనిషికి. పరీక్ష అంకెను జబ్బు పేరుగా మార్చేముందు వైద్యుడు ఆగి చూడాలని చెప్పడానికి ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు.

యుద్ధకాలంలో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో జీవరసాయనవేత్త హాన్స్ క్రెబ్స్ బృందం ఇదే విషయాన్ని ఎక్కువమంది మీద పరీక్షించింది. తుపాకీ పట్టబోమని మనస్సాక్షిగా సైన్యాన్ని నిరాకరించినవారు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. 1942లో మొదలైన విటమిన్ ఏ ప్రయోగంలో 16 మంది ఆ విటమిన్ లేని తిండి తిన్నారు. ఏడాది దాటినా చాలామంది రక్తంలో అది పెద్దగా తగ్గలేదు. చీకట్లో చూపు మందగించినట్టు నిర్ధారణగా తేలింది ముగ్గురిలోనే. కాలేయంలో దాచుకున్న విటమిన్ ఏ అంతకాలం రక్తంలోకి సరఫరా అవుతూ వచ్చింది. నిల్వ అడుగంటేదాకా రక్తంలోని అంకె కదలదు. విటమిన్ సి సంగతి దీనికి నేరుగా ఎదురు: అక్కడ అంకె ముందే పడిపోతుంది, జబ్బు తర్వాత వస్తుంది. ఒక విటమిన్‌కు నేర్చుకున్న పాఠం ఇంకొకదానికి పనికిరాదు. షెఫీల్డ్ స్వచ్ఛంద సేవకుల ఓపిక వల్లే ఇది తెలిసింది.

బి12, ఫోలిక్ ఆమ్లాల కథ వీటన్నిటికంటే పొడుగైనది. ప్రాణాలకు ముప్పు తెచ్చే పెర్నీషియస్ అనీమియా అనే రక్తహీనతకు కాలేయం మందని 1926లో అమెరికా వైద్యులు మైనట్, మర్ఫీ చూపారు. ఆ రోజుల్లోనే బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు పేద గర్భిణుల్లో మరో రక్తహీనతను గమనించారు. ఎర్రకణాలు ఉబ్బి పెద్దవై, లెక్కలో మాత్రం పడిపోయేవి. సూక్ష్మదర్శినిలో రెండు జబ్బులూ ఒకేలా కనిపించేవి. ఆమె మార్మైట్ అనే ఈస్ట్ సారం తినిపిస్తే ఆ స్త్రీలు కోలుకున్నారు. 1931లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. ఆ ఈస్ట్‌లో పనిచేసినది ఫోలిక్ ఆమ్లమని తేలడానికి మరో పదిహేనేళ్లు పట్టింది. 1945లో దాన్ని అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మళ్లీ యల్లాప్రగడ సుబ్బారావే. 1948లో, ఆయన కన్నుమూసిన ఏడే, బి12 ఎర్రని స్ఫటికాలుగా చేతికొచ్చింది.

ఇప్పుడు పరీక్ష అవసరం అత్యవసరమైంది. ఎందుకంటే బి12 లేని రోగికి ఫోలిక్ ఆమ్లం ఇస్తే రక్తం బాగుపడుతుంది, కానీ నరాలు చెడిపోతూనే ఉంటాయి. రక్తహీనత తగ్గిందని సంతోషించిన రోగికి కొద్ది నెలల్లో కాళ్లలో పట్టు తప్పేది. రెండింటిలో ఏది తక్కువో మందు ఇవ్వకముందే తెలియాలి. కానీ రక్తంలో బి12 ఉండేది మిల్లీలీటరుకు కొన్ని వందల పికోగ్రాములు మాత్రమే. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. దాన్ని పట్టే రంగు పరీక్ష ఆ రోజుల్లో లేదు.

అందుకు సూక్ష్మజీవులనే త్రాసుగా వాడారు. బి12 లేనిదే పెరగని జీవిని ఎంచుకుని, మిగతా పోషకాలన్నీ ఉన్న ద్రవంలో వేసి, రోగి సీరం, అంటే గడ్డకట్టిన రక్తం నుంచి తీసిన ద్రవం, కాస్త కలిపితే, సీరంలో ఎంత బి12 ఉంటే ఆ జీవి అంత పెరుగుతుంది. 1950లో ఇంగ్లండులో రాస్ అనే పరిశోధకుడు యూగ్లీనా గ్రాసిలిస్ అనే ఆకుపచ్చని ఏకకణ జీవితో సీరం పరీక్ష చేసి చూపారు. తర్వాత లాక్టోబాసిల్లస్ లైక్‌మానై అనే బాక్టీరియా వాడుకలోకి వచ్చింది. ఫోలిక్ ఆమ్లానికి లాక్టోబాసిల్లస్ కేసీని ఎంచుకున్నారు. ముందు సీరాన్ని వేడిచేసి ప్రోటీన్‌కు అతుక్కున్న విటమిన్‌ను విడదీయాలి. వరుసగా పేర్చిన గాజుగొట్టాల్లో జీవులను పెంచాలి. ఏ గొట్టం ఎంత చిక్కగా మసకబారిందో కాంతి పంపి చదవాలి. యూగ్లీనా అయితే దీపాల వెలుగులో రోజుల తరబడి ఉంచాలి. గొట్టం సరిగా కడగకపోయినా, ఎక్కడో మరో సూక్ష్మజీవి చొరబడినా పనంతా మొదటికొస్తుంది. రోగి అప్పటికే యాంటీబయాటిక్ మింగి ఉంటే పరీక్ష జీవులు చచ్చిపోయి, బి12 లేదన్నట్టు ఫలితం వచ్చేది. అందుకే పాత ప్రయోగశాలలు రోగి వాడుతున్న మందులను ముందే అడిగి రాసుకునేవి.

ఫోలిక్ ఆమ్లం విషయంలో క్రాండన్ చేసిన సాహసమే 1960ల ఆరంభంలో విక్టర్ హెర్బర్ట్ అనే వైద్యుడు చేశారు. తిండి పదార్థాలన్నిటినీ మూడుసార్లు ఉడికించి, ప్రతిసారీ నీళ్లు పారబోసి తిన్నారు. మూడు వారాలకు సీరంలో ఫోలేట్, అంటే ఒంట్లో ఉండే ఫోలిక్ ఆమ్లపు రూపం, పడిపోయింది. ఏడు వారాలకు తెల్లకణాల కేంద్రకాలు ఎక్కువ తునకలుగా కనిపించడం మొదలైంది. ఎర్రకణాల్లోని ఫోలేట్ తగ్గడానికి 17 వారాలు పట్టింది. మూలుగ మార్పు, రక్తహీనత నాలుగున్నర నెలలకు గానీ రాలేదు. ఎర్రకణం దాదాపు నాలుగు నెలలు బతుకుతుంది, పుట్టినప్పుడు దొరికిన ఫోలేట్‌ను చివరిదాకా మోస్తుంది. కాబట్టి సీరం ఇటీవలి తిండిని చెబుతుంది, ఎర్రకణం కొన్ని నెలల తిండిని చెబుతుంది. ఈనాటికీ రెండు రకాల ఫోలేట్ పరీక్షలు ఉండటానికి మూలం ఆ ఉడికించిన కూరలే.

1960లలో రేడియోధార్మిక కోబాల్ట్ చేర్చిన బి12తో కొత్త పద్ధతులు వచ్చాయి. రోజుల పని గంటల్లోకి దిగింది. పెద్ద ఆస్పత్రులన్నీ వాటికి మారాయి. అయితే 1978లో కోల్‌హౌస్, ఆలెన్ తదితరులు ఒక ప్రమాదాన్ని బయటపెట్టారు. ఆ కిట్లలో బి12ను పట్టుకోవడానికి వాడిన ప్రోటీన్‌లో కల్తీ ఉంది. అది బి12ను పోలి ఉండి, ఒంటికి ఎందుకూ పనికిరాని పదార్థాలను కూడా పట్టుకుంటోంది. వాటిని కూడా కలిపి లెక్కేయడంతో నిజంగా లోపమున్న కొందరికి అంతా సవ్యంగా ఉందని ఫలితం వెళ్లింది. తర్వాత బి12ను మాత్రమే పట్టే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్‌ను శుద్ధిచేసి వాడే పద్ధతికి తయారీదారులు మారారు. నెమ్మదైన పాత సూక్ష్మజీవి పరీక్ష ఈ విషయంలో తప్పు చేయలేదని గుర్తించడం న్యాయం.

అందుకే విటమిన్ ఎంత ఉందన్న ప్రశ్న పక్కన, అది చేయాల్సిన పని జరుగుతోందా అన్న మరో ప్రశ్న నిలబడింది. బి12 లేకపోతే మిథైల్ మలోనిక్ ఆమ్లం విరగకుండా పేరుకుపోతుంది. మూత్రంలో అది పెరగడాన్ని 1962లో కాక్స్, వైట్ చూపారు. దాన్నీ, అలాగే పేరుకుపోయే హోమోసిస్టీన్ అనే మరో పదార్థాన్నీ రక్తంలో కచ్చితంగా కొలవడం 1980లలో కుదిరింది. 1988లో లిండెన్‌బామ్ బృందం బి12 లోపం వల్ల నరాల, మనసు జబ్బులు వచ్చిన 141 మందిని పరిశీలిస్తే, వారిలో 40 మందికి రక్తహీనత గానీ ఎర్రకణాల ఉబ్బు గానీ లేవు. తిమ్మిర్లు, మతిమరుపు, నడకలో తూలు ఉన్నా రక్తం మామూలుగా ఉందని ఎందరిని పంపించి ఉంటారో తలచుకుంటే బాధ కలుగుతుంది. నేడు బ్రిటన్ మార్గదర్శకాలు సీరం బి12 లీటరుకు 180 నానోగ్రాముల లోపుంటే లోపమనీ, 180 నుంచి 350 వరకు అనిశ్చితమనీ చెబుతాయి. ఆ అనిశ్చిత మేరలోనే మిథైల్ మలోనిక్ ఆమ్లం పరీక్ష అవసరమవుతుంది.

పని జరుగుతోందా అని అడిగే పరీక్షల్లో పాతది విటమిన్ కెకు సంబంధించినది. రక్తం గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసే ప్రోత్రాంబిన్ సమయం 1935 నుంచీ ఉంది. బి విటమిన్లకు ఎర్రకణాల ఎంజైములు ఈ సాయం చేశాయి. బి1 మీద ఆధారపడే ట్రాన్స్‌కీటొలేజ్ ఎంజైమును 1960 ప్రాంతంలో మైరన్ బ్రిన్ పరీక్షగా మలిచారు. రోగి ఎర్రకణాల రసంలో ఎంజైము వేగాన్ని ఒకసారి అలాగే, మరోసారి బి1 కలిపి కొలుస్తారు. కలిపాక వేగం 25 శాతానికి మించి పెరిగితే అంతకుముందు ఎంజైము ఆకలితో ఉందన్నమాట.

ఈ దశలో హైదరాబాద్ చరిత్రలోకి వస్తుంది. 1918లో కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో బెరిబెరి విచారణ విభాగంగా రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన సంస్థ 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడ సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా జొన్నే ప్రధానాహారమైన పేదల్లో పెల్లాగ్రాను అధ్యయనం చేశారు. అప్పటిదాకా ఆ జబ్బును మొక్కజొన్న తినేవారికే ముడిపెట్టేవారు. జొన్నలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడం దానికి కారణమని వారు 1960లో ప్రతిపాదించారు. ఆ వాదన మీద తర్వాత చర్చ చాలా జరిగింది. అదే సంస్థలో మహతాబ్ బామ్జీ 1969లో బి2కు ఎర్రకణాల గ్లుటథయోన్ రిడక్టేజ్ పరీక్షను మనుషుల్లో వాడి ఫలితాలు ప్రచురించారు. బి2 నుంచి తయారయ్యే పదార్థాన్ని చేర్చినప్పుడు, చేర్చనప్పుడు ఎంజైము వేగాల నిష్పత్తి 1.2 దాటకపోతే సరిపడా ఉన్నట్టు, 1.4 దాటితే లోపమున్నట్టు. నోటి మూలలు పగలని వాళ్లలో కూడా ఈ నిష్పత్తి పెరిగి ఉండటం పోషకాహార సర్వేల తీరునే మార్చింది. అయితే నియాసిన్‌కు మాత్రం ఇంతటి నమ్మకమైన రక్తపరీక్ష స్థిరపడలేదు. దాని జాడ కోసం చాలావరకు మూత్రాన్నే చూస్తారు.

ఫలితాన్ని తక్కువ, ఫరవాలేదు అని విడదీసే గీతలు ఎక్కణ్నుంచి వచ్చాయన్నది మరో ప్రశ్న. 1950ల నడుమ అమెరికా ప్రభుత్వం మిత్రదేశాల్లో పోషకాహార సర్వేలు చేయించేందుకు ఒక అంతర్విభాగ కమిటీని పెట్టింది. ఆ కమిటీ 1957లో వెలువరించిన కరదీపిక ప్రతి విటమిన్‌కూ లోపం, తక్కువ, ఆమోదయోగ్యం, ఎక్కువ అనే నాలుగు మెట్లను అంకెలతో ఇచ్చింది. జనసమూహాల పోషణ అంచనాకు గీసిన గీతలవి. అలాంటి గీతలే ఒక్క మనిషి రిపోర్టు మీద నక్షత్రం గుర్తుగా మారితే అర్థం మారిపోతుంది. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్న సమయంలో రక్తంలో విటమిన్ ఏ, సి తాత్కాలికంగా తగ్గుతాయన్నది కూడా ఆ నక్షత్రం చెప్పదు.

గీత మీద గొడవ విటమిన్ డి విషయంలో బాగా ముదిరింది. 1968లో డెలూకా బృందం రక్తంలో తిరిగే రూపమైన 25-హైడ్రాక్సీ విటమిన్ డిని గుర్తించింది. 1971లో హడ్డాడ్, చ్యూ దాన్ని కొలిచే పద్ధతి చూపారు. ఒంట్లో చురుగ్గా పనిచేసే రూపం వేరే ఉంది గానీ, లోపమున్నప్పుడు పారాథైరాయిడ్ హార్మోన్ దాన్ని ఎగదోసి మామూలుగానో ఎక్కువగానో చూపిస్తుంది. అందుకే దాన్ని కొలిచి లోపం తేల్చడం పొరపాటు. ఇక 25-హైడ్రాక్సీకైనా హద్దు ఎంత? 2011లో అమెరికా వైద్య సంస్థ మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు చాలన్నది. అదే ఏడు హార్మోన్ల వైద్యుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 30 ఉండాలన్నది. ఈ రెండు అంకెల నడుమ కోట్లమంది మనుషులు ఉన్నారు. ఎండలో పొలం పనిచేసేవారిని, పట్టణవాసులను తిరుపతి వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు పోల్చి చూస్తే పల్లెవాసులది కొంత మెరుగే, అయినా చాలామంది హద్దుకు కిందనే ఉన్నారు. హద్దు సరైనదేనా అన్న సందేహాన్ని అలాంటి ఫలితాలు బలపరిచాయి. కిట్లూ ఒకదానితో ఒకటి పొసగేవి కావు. ఒకే రక్తానికి రెండు ప్రయోగశాలలు వేర్వేరు అంకెలు ఇచ్చేవి. వాటిని సరిచూడటానికి 1989లో బ్రిటన్‌లో ఒక నాణ్యతా పథకం, 2009లో అమెరికా ప్రమాణాల సంస్థ నుంచి నిర్దిష్ట సీరం నమూనాలు వచ్చాయి. 2024లో ఎండోక్రైన్ సొసైటీ తన 30 అంకెను వదులుకుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు ఊరికే విటమిన్ డి పరీక్ష చేయించవద్దని సూచించింది.

ఇప్పుడు చాలా ప్రయోగశాలల్లో ఈ పనంతా యంత్రానిదే. సీరం గొట్టం పెడితే గంటలోపు అంకె వస్తుంది. ఎన్నో కిట్లు బయోటిన్ అనే బి విటమిన్, స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్ల గట్టి బంధం మీద నడుస్తాయి. జుట్టు కోసం, గోళ్ల కోసం పెద్ద మోతాదులో బయోటిన్ మాత్రలు వేసుకునేవారి రక్తంలో ఆ బంధం చెదిరి, థైరాయిడ్, విటమిన్ డి, గుండె పరీక్షల ఫలితాలు తప్పుగా రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. ఆ తర్వాత కొందరు తయారీదారులు బయోటిన్ ప్రభావం పడని కిట్లకు మారారు. బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నారా అని రక్తం తీసేముందు అడగడమూ, వాటిని కొన్ని రోజులు ఆపి రమ్మనడమూ అలవాటైంది.